మంచు ఆటలకు పోతున్నారా? ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇలా చూసి తీసుకోండి

నవంబర్ దాటిందంటే మా ఆఫీసులో ఒకటే ప్రశ్న. "కశ్మీర్‌లో గుల్మార్గ్‌కు టికెట్లు చేసుకున్నాం అన్నా, ఇన్సూరెన్స్ ఏది తీసుకోమంటావ్?" కర్నూలులో టికెట్లు, వీసా కాగితాల పని చేసే నాకు పదేళ్ల కిందట ఈ ప్రశ్న ఎదురయ్యేదే కాదు. ఇప్పుడు ఆదోని, నంద్యాల, అనంతపురం నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే పిల్లలు స్కీయింగ్, అంటే కాళ్లకు పొడవాటి పలకలు తొడిగి మంచు మీద జారడం, నేర్చుకుంటామని పోతున్నారు. జర్మనీలోనో స్విట్జర్లాండ్‌లోనో ఉన్న కొడుకు దగ్గరికి పోయే అమ్మానాన్నలు కూడా ఒకరోజు మంచుకొండ ఎక్కి వస్తున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా అక్క కొడుకు ఒక ఫిబ్రవరిలో స్నేహితులతో గుల్మార్గ్ పోయాడు. విమానం టికెట్ కొనేటప్పుడు కింద కనిపించిన గడిలో టిక్ పెట్టి ట్రావెల్ పాలసీ తీసుకున్నాడు. మూడో రోజు, కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆడే చిన్న వాలు మీదే పడ్డాడు. స్కీ ఒకవైపు, కాలు ఒకవైపు తిరిగి ఎడమ మోకాలి లిగమెంట్ తెగింది. ఇంటికొచ్చాక క్లెయిమ్ పెడితే, శీతాకాల క్రీడలు పాలసీలో మినహాయింపుల కింద ఉన్నాయి కాబట్టి చెల్లదని కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

ఆ రాత్రి అక్క బీరువాలో నుంచి తను ఏటా కడుతున్న ఫ్యామిలీ హెల్త్ పాలసీ తీసింది. ఇద్దరం కూర్చుని లైను లైను చదివాం. సాహస క్రీడల పేరా దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ క్రీడల్లో "ప్రొఫెషనల్‌గా" పాల్గొంటే చెల్లదు అని ఉంది. వాడేమో మూడు రోజుల ముందు మొదటిసారి స్కీ తొడిగినవాడు. మోకాలి ఆపరేషన్ ఖర్చు ఆ పాలసీ కింద వచ్చింది.

మోకాలు ఒకటే, దెబ్బ ఒకటే. ఒక కాగితం ఇవ్వనంది, ఇంకో కాగితం ఇచ్చింది. తేడా అంతా ఒక్క మాటలో ఉంది. ఏ కంపెనీ మంచిది అని నన్ను అడిగితే నేను పేరు చెప్పను. ఆ మాట మీ కాగితంలో ఎక్కడుందో వెతకడం ఎలాగో చెప్తాను.

ముందు చేతిలో పెట్టుకోవాల్సినవి

- ప్రయాణం చేసే అందరి పాస్‌పోర్టులు. దేశంలోనే అయితే ఆధార్ కార్డులు.
- బయల్దేరే తేదీ, ఇంటికి చేరే తేదీ, మధ్యలో ఆగే ఊళ్లు.
- ఇప్పటికే ఉన్న హెల్త్ పాలసీ, ఆఫీసు వాళ్ల గ్రూప్ పాలసీ, యాక్సిడెంట్ పాలసీ. కార్డు మాత్రమే సరిపోదు, షరతులున్న పూర్తి పుస్తకం కావాలి.
- ఎవరికైనా బీపీ, షుగర్, గుండె జబ్బు, పాత ఆపరేషన్లు ఉంటే ఆ వివరాలు, మందుల చీటీలు.
- ఒక గంట ఖాళీ సమయం. బస్సు ఎక్కే ముందు పది నిమిషాల్లో అయ్యే పని కాదు.

1. అక్కడ ఏమేం ఆడబోతున్నారో కాగితం మీద రాయండి

"మంచు చూడ్డానికి పోతున్నాం" అంటే ఇన్సూరెన్స్ కంపెనీకి ఏమీ అర్థం కాదు. ఒక్కో ఆటకు ఒక్కో లెక్క ఉంటుంది. ఇలా విడగొట్టండి.

- మంచులో నడవడం, ఫొటోలు, గొండోలా (తీగల మీద పోయే కేబుల్ కారు) ఎక్కి దిగడం. ఇది మామూలు పర్యటన కిందకే వస్తుంది.
- స్లెడ్జ్ మీద జారడం. కొన్ని పాలసీలు దీన్ని ఆట అంటాయి, కొన్ని అనవు.
- స్నో స్కూటర్, నాలుగు చక్రాల ఏటీవీ బండి. మోటారు ఉంది కాబట్టి వీటికి చాలాచోట్ల వేరే షరతు ఉంటుంది. స్కీయింగ్‌కు కవర్ ఉన్న పాలసీ కూడా వీటికి లేదనొచ్చు.
- చదును చేసి, గుర్తులు పెట్టి, కాపలా ఉన్న వాలుల మీద స్కీయింగ్, స్నోబోర్డింగ్. ఈ వాలును పిస్ట్ అంటారు.
- ఆ గుర్తులు దాటి, తొక్కని మంచులో జారడం. దీన్ని ఆఫ్-పిస్ట్ అంటారు. ఎక్కువ పాలసీలు ఇక్కడే చెయ్యి ఎత్తేస్తాయి.
- హెలికాప్టర్‌లో పైకిపోయి జారడం, పోటీల్లో పాల్గొనడం. వీటికి విడిగా మాట్లాడుకోవాల్సిందే.

గుల్మార్గ్ పోయేవాళ్లు ఒక విషయం బాగా గమనించాలి. ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చలికాలంలో గోల్ఫ్ మైదానం వైపు ఉండే చిన్న వాలులు నేర్చుకునేవాళ్లకు. గొండోలా మొదటి దశ కొంగ్‌డూరి దాకా, రెండో దశ అఫర్వత్ వైపు దాదాపు 3,950 మీటర్ల దాకా పోతుంది. పైన ఉన్నదాంట్లో ఎక్కువ భాగం చదును చేయని సహజమైన కొండ. మంచుచరియలు విరిగిపడే చోటు కూడా అదే. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ ఆ కొండ మీద మంచుచరియల కింద ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాబట్టి "గుల్మార్గ్‌లో స్కీయింగ్" అని ఊరికే రాసుకోకండి. కింది వాలులా, రెండో దశ పైనా అన్నది రాయండి. పైకి గొండోలాలో పోయి, చూసి, గొండోలాలోనే దిగితే సంగతి వేరు.

2. కొత్తది కొనేముందు ఇంట్లో ఉన్నది చదవండి

గుల్మార్గ్, ఔలీ, మనాలి దగ్గర సోలాంగ్ లాంటి చోట్లకు పోయేవాళ్లకు ఈ మెట్టు చాలా ముఖ్యం. విదేశాలకు పోయేవాళ్లు దీన్ని దాటేసి మూడో మెట్టుకు పోవచ్చు, ఎందుకంటే మన హెల్త్ పాలసీలు మామూలుగా దేశం దాటాక పనిచేయవు.

మన దేశంలో ఆసుపత్రి ఖర్చులిచ్చే హెల్త్ పాలసీల్లో కొన్ని మినహాయింపులకు ఒకే రకమైన మాటలు, ఒకే నంబర్లు ఉంటాయి. సాహస క్రీడలది 09వ నంబర్ మినహాయింపు. పారా జంపింగ్, రాక్ క్లైంబింగ్, పర్వతారోహణ లాంటివాటిలో ప్రొఫెషనల్‌గా పాల్గొని దెబ్బ తగిలితే చికిత్స ఖర్చు ఇవ్వం అన్నది దాని సారాంశం. మీ పాలసీలో ఆ "ప్రొఫెషనల్‌గా" అన్న మాట ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఉంటే, సరదాకు ఆడి దెబ్బ తగిలించుకున్న మనిషి ఆసుపత్రిలో చేరినప్పుడు ఆ పాలసీ పక్కన నిలబడుతుంది. పాలసీ తీసుకుని రెండేళ్లు కాలేదు, వెయిటింగ్ పీరియడ్ (కొన్ని చికిత్సలకు డబ్బులివ్వని మొదటి గడువు) ఉంది కదా అని దిగులు పడనక్కర్లేదు. ప్రమాదం వల్ల వచ్చిన చికిత్సకు ఆ వెయిటింగ్ వర్తించదు.

అయితే ఆ పాలసీతోనే సరిపోతుందా అంటే, మూడు ఖాళీలు మిగులుతాయి.

మొదటిది, ఆసుపత్రిలో చేరని చికిత్స. మణికట్టు విరిగి, ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి అదే రోజు పంపించేశారనుకోండి. మామూలు హెల్త్ పాలసీలు చాలావరకు అది ఓపీ అంటాయి, డబ్బులు రావు. స్నోబోర్డ్ మీద పడేవాళ్లకు మణికట్టు దెబ్బలు చాలా మామూలు. రెండోది, కొండ మీద నుంచి కిందికి, అక్కడి నుంచి శ్రీనగర్‌కు తెచ్చే ఖర్చు. గుల్మార్గ్ నుంచి శ్రీనగర్ సుమారు 50 కిలోమీటర్లు, మంచు పడ్డ రోజు టైర్లకు గొలుసులు కట్టిన బండే కావాలి. అంబులెన్స్‌కు హెల్త్ పాలసీలో ఒక చిన్న పరిమితి మాత్రమే ఉంటుంది. మూడోది, కట్టు కట్టిన కాలుతో విమానంలో ఇంటికి రావడం. పడుకోబెట్టి తీసుకురావాలంటే ఎయిర్‌లైన్స్ వాళ్లు చాలా సీట్ల డబ్బు కట్టించుకుంటారు. ఈ మూడు ఖాళీలు పూడ్చేదే మీరు కొనాల్సిన ట్రావెల్ పాలసీ. అది పూడ్చకపోతే కొనడం దండగ.

ఇంకో మాట. రైలు టికెట్‌తో 45 పైసలకు వచ్చే బీమా రైలు ప్రమాదానికి మాత్రమే. క్రెడిట్ కార్డుతో ఉచితమని చెప్పేది ఎక్కువగా విమాన ప్రమాదానికి. ఈ రెండూ మంచు మీద పడ్డవాళ్లకు పనికిరావు.

3. బ్రోచర్ పక్కన పెట్టి, పాలసీ వర్డింగ్ తెప్పించుకోండి

రంగుల బొమ్మల్లో స్కీ తొడుక్కున్న అమ్మాయి నవ్వుతూ ఉంటుంది. ఆ బొమ్మ షరతు కాదు. కంపెనీ వెబ్‌సైట్‌లో "పాలసీ వర్డింగ్" అనే పీడీఎఫ్ ఉంటుంది, ముప్పై నలభై పేజీలు. అంతా చదవక్కర్లేదు. ఫోన్‌లో తెరిచి, వెతికే గడిలో ఈ మాటలు ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక్కొక్కటిగా కొట్టండి: వింటర్, స్కీ, స్నో, అడ్వెంచర్, హజార్డస్, పిస్ట్, హెల్మెట్, ఆల్కహాల్, రెస్క్యూ, ఆల్టిట్యూడ్.

ఒక్కో మాట ఎక్కడ దొరికిందో చూడండి. "ఎక్స్‌క్లూజన్స్" అనే శీర్షిక కింద దొరికితే ఇవ్వరని అర్థం. "కవరేజ్" కింద దొరికితే ఇస్తారు, కానీ ఆ పేరా చివరిదాకా చదవండి. "పైన చెప్పినవాటికి లోబడి", "యాడ్-ఆన్ తీసుకున్నట్లయితే మాత్రమే" అనే మాటలు అక్కడే ఉంటాయి. యాడ్-ఆన్ అంటే అదనంగా డబ్బు కట్టి కలుపుకునే కవర్. "స్కీ" అనే మాట ఎక్కడా దొరక్కపోతే సంతోషపడకండి. "హజార్డస్ స్పోర్ట్స్" అని ఒక్క మాటలో అన్నీ కలిపేసి ఉండొచ్చు. ఆ మాటకు అర్థం పాలసీ మొదట్లో "డెఫినిషన్స్" అనే చోట ఇస్తారు. అక్కడికి పోయి చూడండి.

ట్రావెల్ పాలసీల్లో సాహస క్రీడల మినహాయింపు ఒక్కో కంపెనీది ఒక్కో రకం. హెల్త్ పాలసీలో కనిపించిన "ప్రొఫెషనల్‌గా" అన్న ఊరట ఇక్కడ లేకపోవచ్చు. మా అక్క కొడుకు విషయంలో జరిగింది అదే.

ఇంగ్లీషు కష్టమనిపిస్తే, రెండు మూడు పేజీల్లో ఉండే కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ తెలుగులో ఇమ్మని కంపెనీని అడగండి. అడిగేవాళ్లు తక్కువ, అందుకే చాలామందికి ఇది తెలియదు.

4. డబ్బు ఎంత, అందులో మీ చేతినుంచి ఎంత

యూరప్ పోయేవాళ్లకు షెంగెన్ వీసా (చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కోసం కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ తప్పనిసరి. మన డబ్బుల్లో సుమారు 30 లక్షలు. ఉండే రోజులన్నిటికీ, షెంగెన్ దేశాలన్నిటిలో చెల్లాలి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో వీసా కేంద్రంలో ఆ కాగితం చూపిస్తేనే ఫైలు ముందుకు పోతుంది.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. "వీసాకు సరిపోయింది కదా అన్నా, ఇంకేముంది?" అంటారు. వీసా అధికారి చూసేది అకస్మాత్తుగా జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చు, శవాన్నో రోగినో వెనక్కి పంపే ఖర్చు ఉన్నాయా అని. మీరు స్కీ తొడుగుతారా లేదా అన్నది వాళ్లు చూడరు. వీసాకు నూటికి నూరు పాళ్లు సరిపోయి, స్కీయింగ్‌కు రూపాయి కూడా ఇవ్వని పాలసీలు నా టేబుల్ మీదికే ఎన్నో వచ్చాయి.

30,000 యూరోలు కనీసం మాత్రమే. కొండ మీద నుంచి హెలికాప్టర్, తర్వాత ఆపరేషన్, పది రోజులు ఆసుపత్రి, ఇంటికి తీసుకురావడం అన్నీ కలిస్తే అది చాలకపోవచ్చు. స్విట్జర్లాండ్‌లో చికిత్స చాలా ఖరీదు, అమెరికాలో ఇంకా ఎక్కువ. ప్రీమియంలో తేడా కొద్దిగానే ఉంటే పై మొత్తానికి పోవడమే నా సలహా.

తర్వాత రెండు అంకెలు చూడండి. డిడక్టిబుల్ అంటే ప్రతి క్లెయిమ్‌లో మొదట మీరు పెట్టుకోవాల్సిన డబ్బు. సబ్-లిమిట్ అంటే పైన పెద్ద మొత్తం రాసి, లోపల ఒక్కో పద్దుకు పెట్టిన చిన్న గీత. అరవై దాటినవాళ్ల పాలసీల్లో గది అద్దెకు ఇంత, సర్జన్‌కు ఇంత అని సబ్-లిమిట్లు ఉండొచ్చు. అమ్మానాన్నలకు తీసుకునేటప్పుడు సబ్-లిమిట్ లేనిది ఉందా అని ప్రత్యేకంగా అడగండి.

5. కొండ మీద నుంచి కిందికి ఎవరు తెస్తారు, ఆ డబ్బు ఎవరిది

మన ఊళ్లో 108కి ఫోన్ చేస్తే అంబులెన్స్ ఉచితంగా వస్తుంది కాబట్టి ఈ ఖర్చు మన ఆలోచనలోకే రాదు. ఆల్ప్స్ కొండల్లో రెస్క్యూ చాలాచోట్ల బిల్లుతో వస్తుంది. స్లెడ్జ్ మీద తెచ్చినా, హెలికాప్టర్‌లో తెచ్చినా.

పాలసీలో మూడు మాటలు విడివిడిగా ఉన్నాయా చూడండి. "సెర్చ్ అండ్ రెస్క్యూ" అంటే కొండ మీద నుంచి తేవడం. "మెడికల్ ఎవాక్యుయేషన్" అంటే చిన్న ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి మార్చడం. "రిపాట్రియేషన్" అంటే ఇండియాకు తీసుకురావడం. చివరి రెండూ ఉండి మొదటిది లేని పాలసీలు ఉన్నాయి. కంపెనీ అసిస్టెన్స్ నంబర్‌కు ముందుగా చెప్పకపోతే ఎవాక్యుయేషన్ ఖర్చు ఇవ్వం అనే షరతు కూడా సాధారణంగా ఉంటుంది.

6. మీ వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే

స్కీ వాలు మీద ముందు పోయేవాళ్లకే హక్కు. వెనక వచ్చేవాళ్లే తప్పించుకుని పోవాలి. ఇది అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన పది నియమాల్లో ఒకటి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆపడం రాదు, పోయి ఎవరినో గుద్దుతారు. అప్పుడు వాళ్ల ఆసుపత్రి ఖర్చు మీ మెడకు చుట్టుకుంటుంది.

ఇటలీలో 2022 జనవరి 1 నుంచి స్కీ వాలు మీదికి పోయే ప్రతి ఒక్కరికీ ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా తప్పనిసరి. లిఫ్ట్ పాస్ అమ్మే కౌంటర్‌లోనే రోజుకు కొద్ది యూరోలతో ఇస్తారు. మీ పాలసీలో "పర్సనల్ లయబిలిటీ" ఉన్నా, అది స్కీయింగ్‌కు కూడా చెల్లుతుందని స్పష్టంగా రాసి లేకపోతే కౌంటర్‌లో తీసేసుకోండి. దానికి బేరాలు పెట్టుకోవద్దు.

7. రద్దు, ఆలస్యం, సామాన్లు

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే నష్టం వచ్చినా ఇక్కడ మనిషి మునిగిపోడు.

మంచు పడలేదని ట్రిప్ రద్దు చేసుకుంటే మామూలు పాలసీలు డబ్బులివ్వవు. 2024 జనవరిలో గుల్మార్గ్ మంచు లేక బోసిపోయి, పచ్చిక నేల కనిపించింది. చాలామంది వెనక్కి తిరిగొచ్చారు. యూరప్ కంపెనీల పాలసీల్లో "పిస్ట్ క్లోజర్" అని వాలులు మూసేస్తే ఇచ్చే కవర్ ఉంటుంది, మన దగ్గర అది అరుదు. కాబట్టి హోటల్ బుకింగే డబ్బు వెనక్కి వచ్చేలా చేసుకోవడం మేలు.

మన కర్నూలు, అనంతపురం పక్కనుంచి పోయే 44వ నంబర్ జాతీయ రహదారి మొదలయ్యేది శ్రీనగర్‌లోనే. అక్కడ మంచుకో, రాంబన్ దగ్గర కొండచరియలకో అదే రోడ్డు మూసేస్తారు. పొగమంచుకు విమానాలు ఆగుతాయి. అందుకే తిరుగు తేదీ తర్వాత రెండు మూడు రోజులు ఎక్కువ కలిపి పాలసీ తీసుకోండి.

అద్దెకు తీసుకున్న స్కీ విరిగితే సామాన్ల కవర్ కింద రాదని చాలా పాలసీల్లో ఉంటుంది. అద్దె షాపువాళ్లే చిన్న మొత్తానికి డ్యామేజ్ కవర్ ఇస్తే తీసుకోండి.

8. ప్రపోజల్ ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి

"షుగర్ ఉందని రాస్తే పాలసీ ఇవ్వరేమో అన్నా, వదిలేద్దామా?" అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వదలొద్దు. ఆసుపత్రిలో చేరిన మొదటి గంటలోనే రక్త పరీక్షలో షుగర్ బయటపడుతుంది. మీరు వాడే మాత్రల పేర్లు కేస్ షీట్‌లో ఎక్కుతాయి. అప్పుడు మోకాలి క్లెయిమ్‌కు కూడా "నిజం దాచారు" అనే మెలిక పెడతారు. రాస్తే ప్రీమియం కొంచెం పెరుగుతుంది, లేదా పాత జబ్బు వరకు మినహాయిస్తారు. మిగతా కవర్ మాత్రం గట్టిగా ఉంటుంది.

ఫారం ఏజెంట్ నింపితే, సంతకం పెట్టే ముందు జబ్బుల పేజీ మీరే చదవండి. అన్నిటికీ "లేదు" అని గబగబా టిక్ పెట్టేసిన ఫారాలు నేను చూశాను.

9. అనుమానం ఉన్న ప్రశ్న ఈమెయిల్‌లో అడగండి

ఫోన్‌లో "అన్నీ కవర్ అవుతాయి సార్" అన్న మాటకు క్లెయిమ్ రోజున విలువ లేదు. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఇలా మెయిల్ పెట్టండి:

"మేము ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా చోటికి పోతున్నాం. అక్కడ గుర్తించిన వాలుల మీద, శిక్షకుడితో, సరదా కోసం స్కీయింగ్ నేర్చుకుంటాం. మీ ఫలానా ప్లాన్‌లో, అందులో దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు, కొండ మీద నుంచి దింపే ఖర్చు వస్తాయా? ఏ క్లాజు నంబర్ కింద వస్తాయి? హెల్మెట్, ఎత్తు, శిక్షకుడి విషయంలో షరతులేమైనా ఉన్నాయా?"

క్లాజు నంబర్ అడగడం మర్చిపోవద్దు. నంబర్ రాయాలంటే అవతలి మనిషి పాలసీ తెరిచి చూడాల్సిందే. జవాబు రెండు రోజుల్లో రాకపోతే, లేదా "పాలసీ షరతులకు లోబడి" అని మాత్రమే రాస్తే, ఆ ప్లాన్ వదిలి ఇంకోటి చూడండి. వచ్చిన జవాబును పాలసీతోపాటే దాచిపెట్టండి.

10. కొన్నాక సరిచూసుకోండి

పాలసీ మెయిల్‌లో వచ్చిన రోజే ఇవి చూడండి.

- పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందా? ఇంటిపేరు ముందుకు, వెనక్కు మారడం మన తెలుగువాళ్లకు ఎప్పుడూ ఉండే తలనొప్పి.
- మొదలు తేదీ మీరు విమానం ఎక్కే రోజా, దిగే రోజా? ఎక్కే రోజే ఉండాలి.
- విమానం మారే దేశం, పక్క దేశం ఒకరోజు పోయే ప్లాన్ ఉంటే అదీ కలిసిందా?
- డబ్బు కట్టిన వింటర్ స్పోర్ట్స్ యాడ్-ఆన్ షెడ్యూల్ పేజీలో (మీ పేరు, తేదీలు, తీసుకున్న కవర్లు ఉండే పేజీ) రాసి ఉందా? అది లేకపోతే రసీదు ఉన్నా లాభం లేదు.
- పిల్లలు సహా ప్రతి ఒక్కరి పేరు పక్కనా ఆ యాడ్-ఆన్ ఉందా?
- పాలసీ నంబర్ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కొడితే కనిపిస్తోందా? వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపి డబ్బు తీసుకునే దొంగ పాలసీలు పట్టుబడేది ఇక్కడే.

తప్పు కనిపిస్తే వెంటనే సవరణ అడగండి. ఏడాది పాలసీలకు ఉండే 30 రోజుల ఫ్రీ-లుక్ వెసులుబాటు, అంటే నచ్చకపోతే పాలసీ వెనక్కి ఇచ్చేసే వీలు, ఇలాంటి కొద్దిరోజుల పాలసీలకు ఉండదు. ఇంకా, మన కంపెనీలు చాలావరకు దేశం దాటాక పాలసీ ఇవ్వవు. ఎయిర్‌పోర్ట్‌కు పోయాక చూసుకుందాం అనుకోవద్దు.

క్లెయిమ్ పోగొట్టే తప్పులు

చలికి ఒక పెగ్గు వేసుకుని స్కీ తొడగడం. ఆసుపత్రి కాగితంలో మద్యం వాసన అని ఒక్క మాట పడితే చాలు, మొత్తం పోవచ్చు. సాయంత్రం గదికి వచ్చాక మీ ఇష్టం.

హెల్మెట్ లేకుండా ఆడటం. కొన్ని పాలసీల్లో అది షరతు. ఇటలీలో 2025 నవంబర్ నుంచి పెద్దలకు కూడా చట్టమే. అద్దె రసీదులో హెల్మెట్ అని రాయించుకోండి, పెట్టుకున్న ఫొటో ఒకటి ఉంచుకోండి.

మూసేసిన వాలు మీదికి, హెచ్చరిక బోర్డు దాటి పోవడం. గైడ్ "ఏం కాదు రండి" అన్నా సరే. కవర్ పోయేది మీకు, గైడ్‌కు కాదు.

రోడ్డు పక్కన దొరికిన మనిషిని శిక్షకుడిగా పెట్టుకోవడం. రిజిస్టర్ అయిన శిక్షకుడు ఉండాలని పాలసీ అడిగితే, రసీదు లేని మనిషి లెక్కలోకి రాడు.

మా అక్క కొడుకు చేసినట్టు, టికెట్‌తోపాటు గడిలో టిక్ పెట్టి ఊరుకోవడం.

దెబ్బ తగిలిన రోజు

పడినచోట నుంచి లేచి నడవడానికి ప్రయత్నించకండి. స్కీ పెట్రోల్ వాళ్లను, అంటే వాలుల మీద గస్తీ తిరిగే రక్షణ సిబ్బందిని, పిలిపించండి. గుల్మార్గ్‌లోనూ వాళ్లు ఉంటారు. అత్యవసర ఫోన్ నంబర్ మన దేశంలో 112, యూరప్ దేశాల్లోనూ 112. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ రెస్క్యూకు 1414, ఆస్ట్రియాలో కొండ రెస్క్యూకు 140.

మనిషి క్షేమంగా ఆసుపత్రి చేరగానే పాలసీ మీదున్న అసిస్టెన్స్ నంబర్‌కు ఫోన్ చేసి, రిఫరెన్స్ నంబర్ రాసుకోండి. పక్కనున్న స్నేహితుడు చేసినా సరే, 24 గంటలు దాటనివ్వకండి. తర్వాత ఇవి పోగేయండి: పెట్రోల్ వాళ్ల ప్రమాద నివేదిక, డాక్టర్ చీటీ, డిశ్చార్జ్ సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, ఎక్స్‌రే ఫిల్ములు, లిఫ్ట్ పాస్, శిక్షకుడి రసీదు, బోర్డింగ్ పాస్‌లు. డాక్టర్ "ఎలా తగిలింది" అని రాసే లైను మీరే ఒకసారి చదవండి. గుర్తించిన వాలు మీద పడ్డారా, బయట పడ్డారా అన్నది అందులో సరిగ్గా ఉండాలి. అబద్ధం రాయించకండి, కానీ తప్పు రాస్తే అక్కడికక్కడే దిద్దించుకోండి.

ఇంటికొచ్చాక ఆపరేషన్ పడితే అది ట్రావెల్ పాలసీ గడువు దాటిపోయి ఉంటుంది. అప్పుడు రెండో మెట్టులో చెప్పిన ఇంటి హెల్త్ పాలసీ తీయండి. అక్కడి కాగితాల జిరాక్సులు దానికీ కావాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే

తిరస్కరించిన ఉత్తరంలో క్లాజు నంబర్ ఉంటుంది. లేకపోతే అడిగి తీసుకోండి. ఆ క్లాజు, మీరు ముందే తెప్పించుకున్న ఈమెయిల్ జవాబు పక్కపక్కన పెట్టి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది మీకు సబబుగా లేకపోయినా రెండు దారులున్నాయి. బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255 నంబర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దాంతో తేలకపోతే బీమా తగాదాలు తీర్చే అధికారి, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన జిల్లాలన్నీ హైదరాబాద్ ఆఫీసు కిందికి వస్తాయి. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు రాయాలి, 50 లక్షల దాకా క్లెయిమ్‌లు వింటారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి, కాగితాలు జతచేసి పంపండి.

పాలసీ నంబర్, అసిస్టెన్స్ నంబర్, బ్లడ్ గ్రూప్, ఇంట్లో ఒకరి ఫోన్ నంబర్ ఒక చిన్న కార్డు మీద పెన్నుతో రాసి, ప్లాస్టిక్ కవర్లో వేసి, జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. ఆ చలికి ఫోన్ బ్యాటరీ ఉన్నట్టుండి పడిపోతుంది.